నానో జెల్ రాస్తే మందు ఎక్కడ ఆగుతుంది?

పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు ఎప్పుడైనా గమనించారా? ఆముదమో బూడిదో రాసుకుని కూర్చున్నా కొన్నాళ్లకు వేళ్ల కొసలు నల్లబడి తోలు ఊడుతుంది. పిక్క తొక్కలోని జిడ్డు రసం చేసే పని అది. చర్మం కోటగోడ అంటాం గానీ, నూనెలో కలిసే సరుకుకు ఆ గోడలో సందులు బాగానే తెలుసు.

గంజాయి మొక్కలో ఉండే కన్నబిడియోల్, అంటే సీబీడీ కూడా అలాంటి జిడ్డు సరుకే. ఇచ్ఛాపురం వైపు పట్టుబడిన గంజాయి వార్తలు చదివే మనకు ఆ పేరు వింటేనే టెన్షన్. మత్తెక్కించేది టీహెచ్‌సీ అనే వేరే పదార్థం, సీబీడీ ఎక్కించదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) పూతను, కాయను గంజాయి అంటుంది. ఆకు విడిగా ఉంటే ఆ లెక్కలోకి రాదు. ‘విజయ’ పేరుతో ఆయుర్వేద తైలాలు బజారుకొచ్చింది ఆ సందులోంచే.

సీబీడీని 2018లో అమెరికా రెండు రకాల మొండి మూర్ఛలకు మందుగా ఒప్పుకుంది. అది నోట్లో వేసుకునే ద్రావణం. అయితే మింగిన సీబీడీలో రక్తానికి చేరేది నూటికి సుమారు 6 పాళ్లే. నీళ్లలో కరగదు కాబట్టి పేగుల్లో కొంత పోతుంది, మిగిలినదాంట్లో చాలావరకు కాలేయం విరిచేస్తుంది. మరి చర్మం మీద రాస్తే?

చర్మం పై పొర మందం 10 నుంచి 20 మైక్రాన్లు, కాగితం కన్నా పల్చన. చచ్చిన కణాలు ఇటుకల్లా, మధ్యలో కొవ్వు సున్నంలా ఉంటాయి. 500 డాల్టన్ల (అణువు బరువు కొలిచే లెక్క) లోపు అణువులైతే దూరగలవని ఒక మోటు లెక్క. సీబీడీ 314 మాత్రమే, కాబట్టి సైజుతో పేచీ లేదు. అసలు తంటా దానికి కొవ్వంటే ఉన్న ఇష్టం. పై పొర కొవ్వులోకి హాయిగా దిగి అక్కడే తిష్ట వేస్తుంది, కిందనున్న తడి పొరల్లోకి రానంటుంది.

లైపోసోమ్, ఎథోసోమ్ అనే కొవ్వు సంచులు, నానో ఎమల్షన్ అనే నూనె చుక్కలు వచ్చింది ఇందుకే. మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు. అడ్డుకొలత ఏ వంద నానోమీటర్లో ఉండే సంచుల్లో, చుక్కల్లో మందు నింపుతారు. ఆ సంచి చెక్కుచెదరకుండా చర్మం దాటి రక్తంలో తేలుతుందని చాలామంది అనుకుంటారు. చాలావరకు అలా జరగదు. సంచి పై పొరలోనే విడిపోయి, అక్కడి కొవ్వును వదులు చేసి, సరుకు దించేస్తుంది. ఎథోసోమ్‌లో ఆ వదులు చేసే పని ఆల్కహాల్‌ది. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్లు 2003లో ఎలుకల మీద ఇలా సీబీడీ అంటించి చూస్తే, చర్మంలోనూ దాని కింది కండలోనూ పోగుపడింది, వాపునూ ఆపింది. ఎలుక చర్మం మనదానికన్నా చాలా పల్చన అన్నది గుర్తుంచుకోవాలి.

డబ్బా మీద ‘నానో’ అని చూడగానే నేనడిగేది ఒక్కటే. మందు ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగుతోంది? మోకాలి నొప్పికైతే అక్కడికక్కడే ఉండాలి. మూర్ఛకైతే రక్తంలోకి పోవాలి. ఒకే జెల్ రెండూ చేస్తుందనేవాడి మాట నేను నమ్మను. నానో రకం కాకపోయినా, రక్తంలోకి పంపేందుకే చేసిన ఒక సీబీడీ జెల్‌ను ఫ్రాజైల్ ఎక్స్ (పుట్టుకతో వచ్చే ఒక జన్యు లోపం) ఉన్న పిల్లల మీద పరీక్షిస్తే, 2020లో వచ్చిన ఫలితాల్లో అనుకున్న లక్ష్యం అందలేదు.

మన శ్రీకాకుళం జిల్లాకు ఈ గొడవ ఎందుకంటే, ఉద్దానం ఉంది కాబట్టి. కవిటి, సోంపేట, కంచిలి, మందసల్లో కిడ్నీలు పాడైన ఇళ్లు ఎన్నో. అక్కడ ఒళ్లునొప్పులకు మందుల షాపులో బిళ్ల కొనుక్కుని మింగడం చిన్న సంగతి కాదు, ఆ బిళ్లల్లో చాలావాటికి కిడ్నీలతో పడదు. మింగకుండా రాసుకునే మందు విలువ అక్కడ తెలుస్తుంది. కానీ నొప్పికి రాసే డైక్లోఫెనాక్ జెల్ ఇప్పటికే షాపుల్లో ఉంది, బిళ్లతో పోలిస్తే దాన్నుంచి రక్తంలోకి పోయేది చాలా తక్కువ. (కిడ్నీ జబ్బున్నవాళ్లు దానికీ డాక్టర్ని అడగాల్సిందే.) సీబీడీ నానో జెల్ పెద్ద ధర అడిగేముందు ఈ మామూలు ట్యూబుతో పోటీపడి గెలవాలి.

ఇంకొకటి. ఇలాంటి జెల్‌లను ల్యాబులో తరచు పంది చెవి తోలు మీద పరీక్షిస్తారు. చిరుగు లేని తోలు ఏరుకుని, గాజు గిన్నె మీద బిగించి, ఎంత దిగిందో కొలుస్తారు. పిక్కలు కొట్టే ఆమె వేళ్లకు అలాంటి తోలు ఎక్కడిది? ఆల్కహాల్ తగిలితే ముందు భగ్గుమని మండుతుంది. ఆ పగుళ్లలోంచి మందు ఎంత పోతుందో గాజు గిన్నె లెక్క చెప్పదు.