ఇంటిపేరు హపోన్, ఊరు స్పెయిన్

దక్షిణ స్పెయిన్‌లో, సెవియా నగరానికి కాస్త దిగువన, గ్వాదల్‌కివీర్ నది ఒడ్డున కోరియా దెల్ రియో అని ఒక ఊరుంది. జనాభా ముప్పై వేల దాకా. వాళ్ళలో ఆరేడు వందల మంది ఇంటిపేరు హపోన్. స్పానిష్‌లో జపాన్ దేశం పేరే అది. ఆ ఊరూ ఆ చుట్టుపక్కలా దాటితే ఆ ఇంటిపేరు బాగా అరుదు. నాలుగొందల ఏళ్ళ కిందట వచ్చి ఇక్కడే ఉండిపోయిన సమురాయ్‌ల, అంటే జపాన్ కత్తియోధుల, వంశం మాది అని వాళ్ళు చెప్పుకుంటారు.

మొన్న ఆదివారం భోజనాలయ్యాక ఈ కబురు మా ఇంట్లో వాదనకొచ్చింది. బాబాయి చరిత్ర లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. అక్క జన్యుశాస్త్రం చదివింది, ల్యాబులో పని. ఒకరు అవునంటే రెండోవాళ్ళు కాదనడం మా ఇంటి ఆనవాయితీ. నేను రాసుకున్నంత మేరకు ఇదీ సంగతి.

బాబాయి: ముందు జరిగింది చెప్తాను, దాని మీద తగాదా లేదుగా. 1613 అక్టోబరు 28న జపాన్ ఈశాన్య తీరంలో త్సుకినోఉరా రేవు నుంచి ఒక ఓడ బయల్దేరింది. పంపినవాడు సెందాయ్ ప్రభువు దాతే మసమునె. రాయబారి హసెకురా త్సునెనగ. వెంట లూయిస్ సోతెలో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, ఆయన సొంతూరు సెవియానే. మెక్సికోతో వర్తకం కావాలి, దానికి స్పెయిన్ రాజు ఒప్పుకోవాలి, పైన పోపు దీవెన ఉండాలి, ఇదీ పని. పసిఫిక్ దాటి అకపుల్కో, మెక్సికోకి అడ్డంపడి అట్లాంటిక్ దాటి, 1614 అక్టోబరులో సాన్లూకార్ రేవులో దిగారు. అక్కడి నుంచి నదికి ఎదురెక్కారు. సెవియాలో అడుగుపెట్టే ముందు మజిలీ చేసింది ఎక్కడ? కోరియాలో. ఇంకేం కావాలే నీకు?

అక్క: మజిలీ చేసిన ఊరల్లా అత్తారిల్లయిపోతుందా బాబాయ్? కొన్ని రోజులున్నారు, వెళ్ళిపోయారు. 1615 జనవరిలో మాద్రిద్‌లో రాజు మూడో ఫెలిపెని కలిశారు. ఫిబ్రవరిలో హసెకురా బాప్తిస్మం పుచ్చుకుని ఫెలిపె ఫ్రాన్సిస్కో అయ్యాడు. నవంబరులో రోమ్‌లో పోపు దర్శనం. ఇందులో కోరియా ఎక్కడుంది?

బాబాయి: తిరుగు ప్రయాణంలో ఉంది. వీళ్ళు ఇటు రాయబారాలు నడుపుతుండగానే, 1614లో, అటు జపాన్‌ని ఏలుతున్న తొకుగవ ప్రభుత్వం క్రైస్తవాన్ని నిషేధించింది. ఇంక స్పెయిన్ రాజు వర్తకం ఊసెత్తడు. చేతిలో డబ్బు లేదు, ఓడెక్కి వెళ్ళిపొమ్మని పైనుంచి ఒత్తిడి. హసెకురా 1617 దాకా సెవియా పక్కన ఎస్పార్తినాస్‌లో, లొరేతో మఠంలో తలదాచుకున్నాడు. కోరియా అక్కడికి ఒక పూట ప్రయాణం. ఇప్పుడు వెంట ఉన్న పరివారం సంగతి చూడు. కొత్త మతంలో చేరారు. ఇంటికెళ్తే తల ఉంటుందో ఊడుతుందో. ఇక్కడేమో నది ఉంది, చేపలున్నాయి, చర్చి ఉంది. నువ్వైతే ఓడెక్కుతావా?

అక్క: ఎక్కను. కానీ నేను ఎక్కననడం సాక్ష్యం కాదుగా. ఫలానా జపాను మనిషి కోరియాలో ఉండిపోయాడు, ఫలానా వాళ్ళమ్మాయిని చేసుకున్నాడు అని రాసిన కాగితం ఒక్కటి చూపించు. ఆ ఊరి బాప్తిస్మం రిజిస్టర్లలో హపోన్ అన్న పేరు కనిపించేది 17వ శతాబ్దం ద్వితీయార్ధంలో. మధ్యలో ఒక తరం పైనే ఖాళీ.

బాబాయి: ఆ ఖాళీ ఎందుకొచ్చిందో కూడా చెప్పు మరి. ఆ దశాబ్దాల పుస్తకాలు పోయాయి. పుస్తకమే లేకపోతే పేరెక్కడ దొరుకుతుంది?

అక్క: పోయిన పుస్తకంలో ఏముందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. నువ్వేమో అందులో నీకు కావాల్సింది రాసేసుకుంటున్నావు.

(ఇక్కడ మార్కులు అక్కకే. బాబాయి కూడా అది గమనించి దారి మార్చాడు.)

బాబాయి: సరే, కాగితం వదిలేయ్. పేరునే పట్టుకుందాం. ఊరి పేరు ఇంటిపేరు ఎప్పుడవుతుంది? గుంటూరులో ఉన్నంతకాలం ఎవణ్ణీ గుంటూరు వారు అనరు. ఊరు వదిలి ఇంకోచోట కాపురం పెట్టాకే ఆ పేరు అతుక్కుంటుంది. స్పెయిన్‌లోనూ అంతే. తొలేదో, సెవియా, నవార్రో, గయేగో, ఇవన్నీ మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పే ఇంటిపేర్లు. మరి హపోన్ అని అతుక్కుందంటే ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

అక్క: అమలాపురంలో దుబాయ్ సత్తిబాబు అంటే అరబ్బు షేకా బాబాయ్? వెళ్ళొచ్చినవాడు, అంతే. తాతయ్య రోజుల్లో రంగూన్ అప్పారావు అన్నా బర్మావాడు కాదు, రంగూన్ వెళ్ళి నాలుగు రాళ్ళు వెనకేసుకొచ్చినవాడు. కోరియా నది మీది ఊరు. అమెరికాకి పోయే ఓడలన్నీ ఆ రోజుల్లో ఆ నదిలోంచే పోవాలి. అక్కడి పడవవాడొకడు మనీలా దాకా పోయి, జపాన్ కూడా చూసొచ్చానని సారాకొట్లో కోతలు కోశాడనుకో. ఊరు వాడికి ఏం పేరు పెడుతుంది?

(బాబాయి వక్కపలుకు నములుతూ కాసేపు మాట్లాడలేదు. దుబాయ్ సత్తిబాబు గట్టి దెబ్బే.)

బాబాయి: బాగుంది. కానీ ఒకటి మర్చిపోయావు. అప్పటి స్పానిష్‌లో హపోన్ అంటే దేశం ఒక్కటే కాదు. మనిషిని కూడా అలాగే అనేవారు. ఒక జపాను మనిషి అయితే ‘ఉన్ హపోన్’, నలుగురైతే ‘లోస్ హపోనెస్’. ఇవాళ హపోనేస్ అంటున్నారు గానీ ఆ కాలపు కాగితాల్లో ఈ పాత మాట మామూలు. అంటే ఈ ఇంటిపేరుని నువ్వు జపాన్ అని చదువుతున్నావు, నేను జపానోడు అని చదువుతున్నాను. దుబాయ్ వెళ్ళొచ్చాడని సత్తిబాబుని అరబ్బోడు సత్తిబాబు అంటారా ఎవరైనా?

అక్క: గడ్డం పెంచితే అంటారు.

బాబాయి: వెటకారం పక్కనపెట్టు.

అక్క: పెట్టాను. ఈ మాట బలమైందే, కాదనను. కానీ జపానోడు అని తేలినా హసెకురా వెంట వచ్చినవాడే అని ఎలా తేలుతుంది? అంతకు ముందు నుంచీ పోర్చుగీసువాళ్ళు జపాను మనుషుల్ని కొని అమ్ముతున్నారుగా. నాగసాకి, మకావు, మన గోవా, అక్కడి నుంచి లిస్బన్. ఆ వ్యాపారం ఆపమని 1571లోనే పోర్చుగల్ రాజు ఆజ్ఞ ఇచ్చాడంటే అది ఎంత జోరుగా సాగి ఉండాలి! సెవియా కూడా పెద్ద బానిసల సంతే. ఆ దారిన వచ్చిన మనిషై ఉండొచ్చు కదా?

బాబాయి: అప్పుడూ జపాను మనిషేగా! గెలిచింది నేనే.

అక్క: నువ్వు సమురాయ్ అన్నావు బాబాయ్.

బాబాయి: అదే చెప్పబోతున్నాను, విను. 1622లో తోమాస్ ఫెలిపె అనే జపాను మనిషి స్పెయిన్ రాజుకి అర్జీ పెట్టుకున్నాడు. హసెకురా బలగంలో వచ్చినవాడే. సెవియాకి ఉత్తరాన సాఫ్రాలో ఒకరింట కొలువుకి కుదిరాడు. ఆ యజమాని వాడి ఒంటి మీద బానిసని వాత వేయించాడు. నేను బానిసను కాను మహాప్రభో, నన్ను మా దేశం వెళ్ళనివ్వండి అని మొర. అంటే హసెకురా ఓడెక్కి అయిదేళ్ళయినా అతని మనిషొకడు ఇక్కడే ఉన్నాడా లేదా? ఒకడున్నాడంటే ఇంకొకడు ఉండకూడదని ఎక్కడుంది?

అక్క: (కాసేపాగి) వాత సంగతి నాకు తెలీదు. సరే, అందరూ ఓడెక్కలేదని ఒప్పుకుంటున్నాను. అయినా సాఫ్రా కోరియా కాదుగా. పైగా నీ సాక్షే సమురాయ్ కథని ముంచేస్తున్నాడు. ఆ ఓడలో బయల్దేరింది 180 మంది. అందులో సమురాయ్‌లు ఇరవై చిల్లర. మిగతా జపానువాళ్ళంతా వర్తకులు, కళాసీలు, నౌకర్లు. స్పెయిన్ దాకా వచ్చింది ముప్పై మంది లోపే. ఉండిపోయినవాడు ఎవడైనా ఉంటే కత్తి పట్టినవాడికంటే మూట మోసినవాడే అయ్యే అవకాశం ఎక్కువ.

బాబాయి: మూట మోసినవాడే అనుకో. ఆ రోజుల్లో జపాన్‌లో మామూలు జనానికి అధికారికంగా ఇంటిపేరు ఉండేది కాదు. బాప్తిస్మం ఇచ్చిన ఫాదరు హువాన్ అనో ఫ్రాన్సిస్కో అనో పేరు పెట్టి, ఏ హువాన్ అని అడిగితే, జపానోడు హువాన్ అని పక్కన రాసుకుంటాడు. ఇంటిపేరు పుట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఆ పైన వాళ్ళు జనంలో ఎంత కొట్టొచ్చినట్టు కనబడేవారో తెలుసా? రోమ్ వెళ్తూ ఫ్రాన్సులో సాన్ త్రోపే రేవులో ఆగారు. వాళ్ళు ముక్కు చీదుకుని వీధిలో పారేసిన మెత్తటి కాగితాల కోసం జనం ఎగబడ్డారట! అప్పుడు చూసినవాళ్ళు రాసిపెట్టుకున్నారు.

అక్క: చీమిడి కాగితం గురించి రాసినవాళ్ళు, అలాంటి మనిషి కోరియాలో కాపురం పెడితే ఒక్క ముక్క రాయరా?

(నాకు నవ్వాగలేదు. బాబాయి నావైపు గుర్రుగా చూశాడు.)

బాబాయి: మీ ల్యాబులున్నాయిగా, మీరే తేల్చండి. చిటికెలో పని కాదూ?

అక్క: కాదు. నాలుగొందల ఏళ్ళంటే పదిహేను పదహారు తరాలు. పదహారో తరం వెనక్కి వెళ్తే లెక్క ప్రకారం ఒక్కో మనిషికి 65,536 మంది పూర్వీకులు. వాళ్ళలో ఒక్కడు జపానువాడైతే, వాడి ఆనవాలు ఇవాళ్టి మునిమనవడి ఒంట్లో బొత్తిగా మిగలకపోవచ్చు. చెక్కుచెదరకుండా దిగేది వై క్రోమోజోమ్. తండ్రి నుంచి కొడుక్కి, అచ్చం ఇంటిపేరు లాగే. జపాన్ మగవాళ్ళలో మూడో వంతు మందికి అటూఇటుగా డి వర్గం వై క్రోమోజోమ్ ఉంటుంది. స్పెయిన్‌లో దాన్ని దీపం పెట్టి వెతకాలి. హపోన్‌లలో అది దొరికిన రోజు నేను చేతులెత్తేస్తాను. 2013 ప్రాంతంలో జపాన్ పరిశోధకులు వచ్చి ఆ ఊరివాళ్ళ నమూనాలు తీసుకెళ్ళారు. ఇదిగో తేలిపోయింది అని చాటిన ఫలితం మాత్రం లేదు.

బాబాయి: దొరక్కపోతే రానట్టేనా?

అక్క: అలా కూడా అనలేం. స్పెయిన్‌లో తండ్రి పేరు ముందు, తల్లి పేరు వెనక అన్న పద్ధతి గట్టిపడింది 1870 పౌర నమోదు చట్టంతో. అంతకుముందు ఇష్టారాజ్యం. ఒక కడుపున పుట్టినవాళ్ళలో ఒకడు తండ్రి పేరు, ఇంకోడు తల్లి పేరు, మూడోవాడు ఆస్తి ఇచ్చిన అమ్మమ్మ పేరు పెట్టుకున్నా అడిగేవాడు లేడు. హపోన్ అన్న పేరు మధ్యలో ఏ కూతురి ద్వారానో దిగితే వై క్రోమోజోమ్ ఒక దారి, ఇంటిపేరు ఇంకో దారి.

బాబాయి: చూశావా, నీ శాస్త్రమే నామీద పెట్టిన కేసు వాపసు తీసుకుంది.

అక్క: వాపసు కాదు, వాయిదా. ఆరేడు వందల మంది అన్న లెక్క కూడా నీకు సాయం రాదు. స్పెయిన్‌లో మొదటి ఇంటిపేరు గార్సియా అయినవాళ్ళే 14 లక్షల పైమాటు, దేశమంతా పరుచుకుని ఉన్నారు. హపోన్ ఒక్క ఊళ్ళో గూడుకట్టిందంటే అది ఒకటో రెండో గడపల నుంచి పెరిగిన పేరు. ఆ గడప మీద మొదట నిలబడ్డది జపాను మనిషా, కోతలు కోసిన పడవవాడా అన్నది లెక్కల్లో కనబడదు.

బాబాయి: మరి పసిపిల్లలకి నడుం కింద నీలం మచ్చ? ఆ ఊళ్ళో కొందరు పిల్లలు ఆ మచ్చతో పుడతారని, అది జపాను రక్తమేనని చెప్పుకుంటారు. వరి కూడా జపాన్‌లో లాగే నారు పోసి నాటతామని అంటారు.

అక్క: అయ్యో బాబాయ్! ఆ మచ్చ మన పిల్లలకి ఎంతమందికి లేదు? మా చంటాడికి మొన్న మొన్నటిదాకా ఉంది. కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తూ మా అత్తయ్య, ‘పిల్లాణ్ణి ఎవరు కొట్టారే’ అని నన్ను నిలదీసింది కూడా. ఇక నారుమడి అంటావా, తెనాలిలో కూర్చుని నాతో అనాల్సిన మాటేనా అది? పైగా ఆ నది దిగువ చిత్తడి నేలల్లో వరి పెద్ద ఎత్తున మొదలైందే 20వ శతాబ్దంలో. హసెకురా నారుకట్ట తెచ్చాడా ఏంటి?

(బాబాయి కూడా నవ్వేశాడు. ఈ రెండూ వదిలేస్తున్నానని చేత్తో సైగ చేశాడు. నన్నడిగితే మొదటే ఎత్తకుండా ఉండాల్సింది. ఉన్‌ హపోన్ దగ్గర గెలిచిన వాదనని మచ్చల దగ్గర పాడుచేసుకున్నాడు.)

బాబాయి: వదిలేశాను. సమురాయ్ కూడా వదిలేశాను, కళాసీ అనుకుందాం, నౌకరు అనుకుందాం. కానీ జపాన్ యువరాజు నరుహితో 2013లో పనిగట్టుకుని ఆ ఊరొచ్చి చెర్రీ మొక్క నాటి వెళ్ళాడు. 1992లో సెందాయ్ వాళ్ళు హసెకురా విగ్రహం ఇస్తే కోరియా వాళ్ళు నది ఒడ్డున నిలబెట్టుకున్నారు. ఇదంతా ఉత్తినే?

అక్క: ఉత్తినే అనను. దౌత్యం అంటాను. ఆ విగ్రహమే చూడు, ఎవరిది? హసెకురాది. ఆయన 1617లో స్పెయిన్ వదిలి, మనీలా మీదుగా 1620లో ఇల్లు చేరి, 1622లో సొంతగడ్డ మీద పోయాడు. ఆ బలగంలో కోరియాలో ఉండిపోలేదని మనం ఒట్టేసి చెప్పగలిగిన మనిషి ఆయనే. సరిగ్గా ఆయన్నే తెచ్చి నిలబెట్టారు!

బాబాయి: మరి ఉండిపోయినవాడి మొహం ఎవరికి తెలుసే, విగ్రహం చెక్కడానికి? వాడి పేరు కూడా మిగల్లేదు. ఇంటిపేరే మిగిలింది.

అక్క: ఇదిగో, మళ్ళీ మాట అందంగా చెప్పి తప్పించుకుంటున్నావు. రిజిస్టరు చూపించు.

బాబాయి: పోయిందన్నానుగా!