తొమ్మిది కొట్టని గడియారం

అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు బోస్టన్ ఊళ్లో జరిగిన కాల్పుల మాట రాగానే, అక్కడి వెండిపనివాడు పాల్ రివియర్ అచ్చు వేసిన ఆ బొమ్మ ప్రత్యక్షం. పాఠ్యపుస్తకంలో అదే, క్విజ్ ప్రశ్న పక్కనా అదే. కింద ‘ఆనాటి దృశ్యం’ అని ఒక ముక్క. దృశ్యమట! సరే, మనకెందుకు, దృశ్యమే అనుకుందాం. అయితే ముందు అందులోని గడియారం సంగతి తేలాలి.

1770 మార్చి 5న రాత్రి తొమ్మిది దాటాక కింగ్ స్ట్రీట్‌లో బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపారు. ఐదుగురు పోయారు. మూడు వారాలకల్లా రివియర్ బొమ్మ అమ్మకానికి వచ్చింది. వెనక టౌన్ హౌస్ మీది గడియారంలో టైము 8:10. తప్పని తెలిసింది కాబోలు, దిద్దాడు. దిద్దాక 10:20 అయింది.

బొమ్మ చెక్కిన రాగిరేకు మీద దిద్దడమంటే పలక మీద ఉమ్మి రాసి తుడవడం కాదండీ. ముందు మూడంచుల కత్తితో పాత గీతను గీకెయ్యాలి. గీకిన చోట గుంట పడుతుంది. వదిలేస్తే అందులో సిరా నిలిచి, గడియారానికి మశూచి సోకినట్టు మరక పడుతుంది. కాబట్టి రేకు బోర్లించి, సరిగ్గా ఆ చోట వెనక నుంచి చిన్న సుత్తితో తట్టి పైకి లేపాలి. నూనె చుక్క వేసి నున్నటి ఉక్కు కడ్డీతో పామి మెరుగు పెట్టాలి. అప్పుడు మళ్లీ ఉలి పట్టాలి. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి గనక, కాగితం మీద 10:20 పడాలంటే రేకు మీద 1:40 చెక్కాలి. ఇంత తపస్సూ చేసి, వెండిపనిలో పేరు మోసిన ఆ చేతులు గంట ముందున్న తప్పును గంట తర్వాతకి జరిపాయి. తొమ్మిది మధ్యలో అలాగే ఉండిపోయింది, పాపం.

గడియారం ఇలా ఉంటే ఆకాశం ఎలా ఉంటుంది? రంగులు వేసిన ప్రతుల్లో నీలంగా నిగనిగలాడుతుంది. చంద్రుడు మాత్రం ఒక మూల మొహమాటంగా నిలబడ్డాడు. ఆ రాత్రి నేల మీద మంచు ఉంది, బొమ్మలో లేదు. మంచే లేనప్పుడు జనం విసిరిన మంచు ముద్దలు ఎక్కడి నుంచి వస్తాయి? బొమ్మలో సైనికుల కెప్టెన్ ప్రెస్టన్ బ్యాండు మేస్టారులా కత్తి ఎత్తాడు, సైనికులు వరసగా తాళం తప్పకుండా పేల్చారు. వాళ్ల వెనక కస్టమ్స్ ఆఫీసుకు ‘కసాయి కొట్టు’ అని బోర్డు. ఆ బోర్డుకు మాత్రం దండం పెట్టాలి.

వ్యంగ్యం రివియర్‌కు రాదని కాదు. రెండేళ్ల ముందు, 1768లో, బ్రిటిష్ సైన్యం బోస్టన్‌లో దిగిన బొమ్మ కూడా ఈ 1770లోనే వేశాడు. సుమారు 16,000 మంది ఉన్న ఊరు, రేవు నిండా యుద్ధనౌకలు, ఒక్కో సైనికుడికి 16 తూటాల చొప్పున పంచారన్న లెక్కతో సహా చెక్కాడు. అంకితం ఎవరికి? వలసల మంత్రి హిల్స్‌బరోకి: బ్రిటన్ పరువు నిలపడానికీ అమెరికా పొగరు దించడానికీ చక్కగా పథకం వేసిన ఏకైక దండయాత్ర తమదేనని, సవినయంగా! సొంత రాజు సైన్యమే పరాయి సైన్యమైపోయిన ఊరు ఇలాగే నవ్వాలి.

కాల్పుల బొమ్మ మాత్రం రివియర్ సొంతం కాదు. బోస్టన్ చిత్రకారుడు హెన్రీ పెల్హామ్ గీసింది. పెల్హామ్ తన బొమ్మ 575 ప్రతులు అచ్చు వేయించేలోపే రివియర్ కాపీ 200 ప్రతులు బజార్లో పడ్డాయి. నడిరోడ్డు మీద దారి దోపిడీ చేసినట్టే చేశావని పెల్హామ్ మార్చి 29న ఉత్తరం రాశాడు. ‘కసాయి కొట్టు’ బోర్డు రివియర్ చేర్చిందే, తక్కినది చాలావరకు ఎత్తుకొచ్చిందే. అయినా మనకు పెల్హామ్ ఎవరో తెలియదు, రివియర్ దేశభక్తుడు. ఈ న్యాయం మనకేం కొత్త కాదులెండి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ రాత్రి మొదట కూలినవాళ్లలో క్రిస్పస్ అట్టక్స్ ఒకడు. నావికుడు. ఆఫ్రికన్, ఆదివాసి రక్తం కలిసిన మనిషి. చాలా ప్రతుల్లో కింద పడ్డవాళ్లందరూ తెల్లవాళ్లే. 1768 బొమ్మ మూలన అమెరికాకు గుర్తుగా ఆదివాసిని నిలబెట్టి, బ్రిటిష్ సైనికుడి మెడ మీద కాలు పెట్టించారు. అలంకారానికి ఆదివాసి పనికొచ్చాడు, శవానికి పనికిరాలేదు! సైనికుల ఎర్ర కోట్లకూ నెత్తురుకూ అంత ఎరుపు ఖర్చు పెట్టినవాళ్లకు ఒక్క ముఖానికి మట్టిరంగు తగిలించడానికి చెయ్యి రాలేదా? గడియారం ముల్లుకు సుత్తీ ఉలీ తీశారే, ఈ మనిషికి ఒక్క కుంచె గీత ఎందుకు దొరకలేదు?

కోర్టులో మాత్రం అట్టక్స్ అందరికీ కనబడ్డాడు. సైనికుల తరఫున వాదించిన జాన్ ఆడమ్స్, తర్వాత ఆ దేశానికి రెండో అధ్యక్షుడు, ఆ మనిషి వాలకం చూస్తేనే ఎవరైనా హడలిపోతారన్నాడు. ప్రెస్టన్ నిర్దోషి. ఆరుగురు సైనికులూ నిర్దోషులే. మిగిలిన ఇద్దరికీ బొటనవేలి మీద వాత పెట్టి పంపేశారు.