బండి మరిదిది, బొట్టు వదినది

యుకిహిరో మాట్సుమోటో 1995లో రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషను జనంలోకి వదిలారు. పని ఒకరిది, పేరు ఇంకొకరిది అనే పద్ధతి అందులో అడుగడుగునా ఉంది. అయినా ఇంతవరకు ఒక్క విచారణ కమిటీ కూడా వేయకపోవడం శోచనీయం.

ఈచ్ అనే మెథడ్‌నే, అంటే పేరు పెట్టిన పనినే, చూడండి. జాబితాలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లడం తప్ప దానికేమీ రాదు. వెళ్లాక ఏం చేయాలో మనమే ఒక బ్లాక్, అంటే చిన్న కోడ్ ముక్క, రాసి అప్పగించాలి. అచ్చం పెళ్లి శుభలేఖలు పంచినట్టు. బండి మరిది నడుపుతాడు. కుంకుమ భరిణెతో వెనక కూర్చునేది వదిన. ఇల్లు రాగానే "దిగు వదినా" అంటాడు చూడండి, దాన్నే రూబీలో యీల్డ్ అంటారు. బొట్టు పెట్టేదీ, కాఫీ వద్దని మూడుసార్లు చెప్పి చివరికి తాగేదీ వదినే. సాయంత్రం "నలభై ఇళ్లు తిరిగాను" అని నడుం పట్టుకునేది మరిది. నేనూ మరిదినే కాబట్టి అనుభవంతో చెబుతున్నాను.

వదినను మరిచి బయల్దేరిన మరిది యీల్డ్ దగ్గర లోకల్‌జంప్ ఎర్రర్ అంటూ నడిరోడ్డు మీద కూలబడతాడు.

వదిన ఇంటి సంగతులన్నీ వెంట తెస్తుంది. బ్లాక్ పుట్టిన చోటున్న వేరియబుళ్లు, అంటే విలువలకు పెట్టుకున్న పేర్లు, దానికి కనిపిస్తాయి. అంతేకాదు, వీధిలో నిలబడి ఇంటి లెక్క మార్చేయగలదు. దీనికి క్లోజర్ అని గౌరవమైన పేరు. మా అమ్మమ్మ అయితే వేరే పేరు పెట్టేది.

ఇక బ్లాక్‌లోంచి బయటపడే దారులు: నెక్స్ట్, బ్రేక్, రిటర్న్. నెక్స్ట్ అంటే ఈ ఇల్లు అయింది, పద. బ్రేక్ అంటే ఇవాళ్టికి పంపకం చాలు. అదే రిటర్న్ అందా, బ్లాక్‌ను ఏ మెథడ్‌లో రాశామో అది మొత్తం అక్కడితో సరి. ఇంటి దగ్గర పందిరి పని కూడా ఆగిపోతుంది! బ్లాక్‌కు చుట్టమైన లాంబ్డా అలా కాదు, తన మటుకు తాను బయటికొస్తుంది. కాకపోతే పట్టింపులెక్కువ. రెండు ఆర్గ్యుమెంట్లు, అంటే లోపలికిచ్చే విలువలు, అడిగితే మూడు వడ్డించారని విస్తరి ముందు నుంచి లేచిపోతుంది. మామూలు బ్లాక్ ఎక్కువైంది పక్కకు నెట్టి, తక్కువైన చోట నిల్, అంటే ఏమీ లేదు, అనుకుని భోంచేస్తుంది.

నన్ను ఒక రాత్రంతా ఏడిపించింది మాత్రం డూ-ఎండ్. బ్లాక్ రాయడానికి ఫ్లవర్ బ్రాకెట్లూ అదీ ఒకటేనని ఎవరో చెబితే నమ్మాను. తెరమీద అచ్చేసే పుట్స్ రాసి, పక్కన జాబితాలో ఒక్కోదాన్నీ మార్చి ఇచ్చే మ్యాప్ పెట్టి, డూ-ఎండ్‌తో బ్లాక్ ఇచ్చాను. లెక్క రావాల్సిన చోట ఎన్యూమరేటర్ అని ఏదో అచ్చయింది. తీరా చూస్తే వదిన మ్యాప్ బండి వదిలేసి పుట్స్ బండెక్కింది. ఫ్లవర్ బ్రాకెట్లయితే పక్కనున్న మెథడ్‌నే పట్టుకుంటాయట. డూ మాత్రం వరస మొదట్లో ఉన్న పెద్దాయన దగ్గరికి పోతుందట. పుట్స్‌కు బ్లాక్‌తో పనే లేదు. అయినా "ఎవరమ్మా నువ్వు?" అని ఒక్క మాట అడగలేదు, ఎక్కించుకుని పోయాడు.

ఈ మధ్య బ్లాక్‌లోకి వచ్చే విలువకు పేరు పెట్టడమూ బరువైపోయింది. 2019లో వచ్చిన రూబీ 2.7లో అండర్‌స్కోర్ ఒకటి, అండర్‌స్కోర్ రెండు అని హాస్టల్ గదుల్లా పిలవొచ్చన్నారు. 2024 డిసెంబరులో వచ్చిన 3.4లో ఉత్త 'ఇట్' అంటే చాలన్నారు. ఇక్కడిదాకా రావడానికి వాళ్లకు 29 ఏళ్లు పట్టింది. మా వదిన పెళ్లయిన రోజు నుంచీ అన్నయ్యను "ఇదిగో" అనే పిలుస్తోంది.