సలాడ్ ఆకు ఎన్నాళ్ళు నిలుస్తుందో మడిలోనే తేలిపోతుంది

తరిగి కవర్లో పెట్టిన సలాడ్ ఆకు పాడైతే ముందు ఫ్రిజ్‌ని తిట్టుకుంటాం. తర్వాత రవాణాని, ఆపైన ప్యాకింగ్‌ని. తోట దాకా ఎవరి ఆలోచనా పోదు. చల్లదనం లేకపోతే ఏ ఆకూ నిలవదన్నది నిజమే. తరగకుండా ఉంచిన లెట్యూస్ అనే సలాడ్ ఆకు సున్నా డిగ్రీల దగ్గర మూడు వారాలు ఆగితే, 5 డిగ్రీల దగ్గర దాని ఆయుష్షు రెండు వారాలకు పడిపోతుంది. అయినా ఒకే యంత్రం మీద తరిగి, ఒకే రకం కవర్లో నింపి, ఒకే శీతల గదిలో పెట్టిన రెండు తోటల ఆకు రెండు రకాలుగా ఉండటం ప్యాకింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళకు కొత్తేమీ కాదు. ఒకటి గడువు తేదీ దగ్గరపడినా కరకరలాడుతుంటుంది. ఇంకోటి సగం గడువు తిరక్కముందే అంచులు ఎర్రబడి జిగటపడుతుంది. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకాలంటే మడిలోకి వెళ్ళాల్సిందే.

లెట్యూస్ ఈనెను కత్తితో అడ్డంగా కోసి చూడండి. వెంటనే తెల్లటి పాలు ఊరుతాయి. గాయం తగిలాక ఆకు ఊరుకోదు. దెబ్బతిన్న చోటును కాపాడుకోవడానికి ఫినాల్ పదార్థాలను కొత్తగా తయారుచేసుకుంటుంది. ఫినైల్ అలనిన్ అమ్మోనియా లయేజ్ అనే ఎంజైము ఆ పనికి తెర తీస్తుంది. తయారైన ఫినాల్స్ మీద పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే మరో ఎంజైము, ఆక్సిజన్ కలిసి పనిచేస్తే కొన్నాళ్ళకే కోత అంచు గులాబీ రంగుకు, ఆ తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. తరిగిన లెట్యూస్ కవర్లో దాన్ని 3 శాతం లోపుకు దించి, కార్బన్ డయాక్సైడ్‌ను 10 శాతం పైకి తెచ్చేది ఈ మరకను ఆపడానికే. కానీ ఆ లెక్కంతా ఆకు ఎంత వేగంగా శ్వాసిస్తుందన్న అంచనా మీద ఆధారపడింది. ఆకు అంచనాకు మించి శ్వాసిస్తే కవర్లో ఆక్సిజన్ అడుగంటి లోపలే పులిసిపోతుంది. కవరు చించగానే గుప్పున కొట్టే ఆల్కహాల్ వాసన అదే.

కోసిన ఆకుకు వేరు నుంచి నీళ్ళు రావు, కవర్లో కొత్తగా తిండి పుట్టదు. జీతం ఆగిపోయిన ఇల్లు దాచుకున్న డబ్బు ఉన్నన్నాళ్ళే గడిచినట్టు, చక్కెరలు, విటమిన్ సి, గట్టి కణగోడలు ఎంత కూడబెట్టుకుని వచ్చిందో అంతవరకే ఆకు బతుకు. శీతల గది ఆ ఖర్చును నెమ్మది చేయగలదు గానీ, మూలధనాన్ని ఒక్క రూపాయి కూడా పెంచలేదు.

ఈ కూడబెట్టడాన్ని అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది అతి నత్రజని. నత్రజని లేకుండా ఆకు సాగు లేదు, అది వేరే చెప్పాలా? కానీ అవసరానికి మించి అందితే మొక్క తన చక్కెరను కొత్త ఆకులు కట్టడానికే ఖర్చుపెట్టేస్తుంది. కణాలు ఉబ్బుతాయి, గోడలు పలచబడతాయి, విటమిన్ సి తగ్గుతుంది, నీళ్ళు తీసేస్తే మిగిలే పొడి పదార్థమూ తగ్గుతుంది. కంటికి మాత్రం ఏపుగా, ముదురాకుపచ్చగా, నవనవలాడుతూ కనిపిస్తుంది. వేళ్ళ మధ్య నలిపితే ఇట్టే ముద్దవుతుంది. కడిగే తొట్టిలో, నీళ్ళు విదిల్చే డ్రమ్ములో తిరిగేటప్పుడు ఇలాంటి ఆకు ఎక్కడికక్కడ చిట్లుతుంది. ఆ చిట్లుల్లోంచి కారిన రసం మీద సూడోమోనాస్ జాతి బ్యాక్టీరియా పెరుగుతుంది. వీటిలో కొన్ని ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరగడం ఆపవు. కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను కరిగించేస్తాయి. వేలికి తగిలే జిగట వాటి చలవే.

మిగిలిపోయిన నత్రజని ఆకులో నైట్రేట్‌గా పేరుకుంటుంది. తాజా స్పినాచ్ పాలకూరలో అది కిలోకు 3,500 మిల్లీగ్రాములు మించకూడదని ఐరోపా యూనియన్ పరిమితి పెట్టింది. తినేవాళ్ళ ఆరోగ్యం కోసం పెట్టిన నిబంధనే అయినా, ఎరువు వేసే చేతిని కాస్త వెనక్కి లాగుతుంది కాబట్టి నిల్వకూ పనికొస్తుంది. అన్నట్టు, కవరు మీద సేంద్రియం అని ఉన్నంత మాత్రాన ఎక్కువ రోజులు ఆగుతుందని నమ్మాల్సిన పనిలేదు. కోళ్ళ ఎరువు దండిగా గుప్పించినా, యూరియా దండిగా చల్లినా ఆకు మెత్తబడటం మెత్తబడటమే.

నీళ్ళ సంగతీ ఇలాంటిదే. కోతకు ముందు రోజుల్లో తడి కాస్త తగ్గిస్తే కణాలు చిన్నవిగా, గట్టిగా ఉంటాయి. కడుపునిండా నీళ్ళు తాగి బిర్రుగా ఉన్న ఆకు తూకానికి బాగుంటుంది కానీ, యంత్రంలో ముందు విరిగేది అదే. అలాగని మరీ ఎండగడితే చేదెక్కుతుంది, పీచుపడుతుంది. కోతకు ముందు పెద్ద వాన పడితే ఈ లెక్కలన్నీ పోయి, మట్టి చింది ఆకుల మీద పడి, కడగడం ఇంకో తలనొప్పవుతుంది.

కాల్షియం మట్టిలో ఉంటే చాలని చాలామంది పొరబడతారు. కణగోడలకు బిగువు ఇచ్చేది అదే. అది నీళ్ళతో పాటు పైకి వచ్చి, నీరు ఎక్కువ ఆవిరయ్యే బయటి ఆకులకే చేరుతుంది. లోపల ముడుచుకున్న లేత ఆకులకు అందదు. మట్టిలో పుష్కలంగా ఉన్నా లోపలి ఆకుల అంచులు మాడేది అందుకే. అలా మాడిన ఒక్క ముక్క కవర్లో పడ్డా కుళ్ళు అక్కణ్ణుంచే మొదలవుతుంది. తొందరపెట్టి పెంచిన పంటలో ఇది మరీ ఎక్కువ.

కోసే వేళ కూడా లెక్కలోకి వస్తుంది. బేబీ లీఫ్ అనే లేత ఆకులను సాయంత్రం కోస్తే పొద్దున కోసినవాటికన్నా ఎక్కువ రోజులు ఆగాయని బ్రిటన్ పరిశోధకులు 2005లో ప్రచురించారు. పగలంతా ఎండలో చేసుకున్న చక్కెరలు, పిండి పదార్థం ఆకులో ఉండటం దానికి కారణం కావచ్చు. మరి అందరూ పొద్దున్నే ఎందుకు కోస్తారు? పగటి వేడి ఆకులో ఉండిపోతే ఆ చక్కెరే గబగబా కరిగిపోతుంది. సాయంత్రం కోత లాభించాలంటే వెంటనే చల్లార్చే ఏర్పాటు దగ్గరే ఉండాలి. గాలి తీసేసి, ఆకులోని నీటిని కొంత ఆవిరిచేసి చల్లార్చే వ్యాక్యూమ్ కూలింగ్‌తో అరగంటలో ఆ పని అవుతుంది, కాకపోతే చల్లబడే ప్రతి ఆరు డిగ్రీలకు సుమారు ఒక శాతం బరువు ఆవిరైపోతుంది. బరువు అనగానే అమ్మేవాడికి టెన్షన్.

మట్టి లేకుండా, నీళ్ళలో పెంచిన ఆకు ఎక్కువ కాలం నిలుస్తుందన్న ప్రచారం బాగా నడుస్తోంది. అందులో సగమే నిజం. మట్టి చిందదు కాబట్టి ఆకు శుభ్రంగా వస్తుంది, పోషకాలను చుక్కల్లెక్కన నియంత్రించవచ్చు. ద్రావణంలో ఉప్పు మోతాదు కాస్త పెంచి ఆకును గట్టిపరచవచ్చు. కానీ వెలుతురు చాలని చోట త్వరత్వరగా పెంచితే వచ్చేది నీటి బుడగ లాంటి ఆకే. పైగా గాజు కప్పు అతినీలలోహిత-బి కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది, దాంతో ఆకు తన రక్షణ కోసం చేసుకునే ఎర్ర రంగు, ఫ్లావనాయిడ్లు తగ్గుతాయి. ఎల్ఈడీ దీపాలతో ఆ లోటు పూడ్చేవాళ్ళున్నారు. ఏ పద్ధతైనా, దాన్ని నడిపే చెయ్యి ఎలాంటిదన్నదే అసలు తేడా.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది మొక్క రకం. తరిగిన లెట్యూస్ ఎంత వేగంగా చెడుతుందో నిర్ణయించడంలో 4వ క్రోమోజోము మీద ఒక జన్యు ప్రాంతానికి పెద్ద పాత్ర ఉందని కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో ఉన్న అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గుర్తించారు. త్వరగా చెడే రకాన్ని ఎంచుకుని, ఆపైన ఎరువు తగ్గించి ఏం లాభం?

నిల్వ పెరిగితే సురక్షితమైనట్టేనని మాత్రం అనుకోవద్దు. 2018లో అమెరికాలో రొమైన్ రకం లెట్యూస్ తిని 210 మంది ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా బారిన పడ్డారు, ఐదుగురు చనిపోయారు. అదే బ్యాక్టీరియా ఆ ఆకు పండిన యూమా ప్రాంతపు సాగునీటి కాలువలో దొరికింది. ఆ బ్యాక్టీరియా చేరిన ఆకు చూపులకు వాడదు, వాసన రాదు. లిస్టీరియా అనే మరో బ్యాక్టీరియా అయితే ఫ్రిజ్‌లోనూ పెరుగుతుంది, ఎక్కువ రోజులు ఆగే ఆకు దానికి అదనపు సమయం ఇచ్చినట్టే. శుభ్రమైన నీళ్ళు నిల్వ కోసం కాదు, ప్రాణం కోసం.

ఇంత తెలిసినా సాగు ఎందుకు మారదు? డబ్బు ఎలా చేతులు మారుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. ఆకును కిలోల లెక్కన కొంటారు. లెట్యూస్‌లో పొడి పదార్థం ఇంచుమించు 5 శాతమే, మిగతాదంతా నీళ్ళు. వెయ్యి కిలోల ఆకులో పొడి పదార్థం 50 కిలోలైనా, 40 కిలోలైనా రైతుకు ముట్టేది ఒకటే. ఇంకో మాటలో, చివరి తడి బాగా పెట్టి, నత్రజని గుప్పించినవాడికి ఎక్కువ ముడుతుంది. చెయ్యి బిగించి పెంచినవాడు నష్టపోతాడు. అతను కష్టపడి కూడబెట్టిన అదనపు రోజులు ప్యాక్ చేసేవాడి, అమ్మేవాడి లాభంలో కలిసిపోతాయి. ఇలాంటప్పుడు రైతుకు శిక్షణ తరగతులు పెట్టి లాభం లేదని నా అభిప్రాయం.

పాలకు వెన్న శాతం చూసి ధర కట్టడం పాత పద్ధతే. సరుకు దిగేటప్పుడు ఆకులో పొడి పదార్థం కొలిచి ధర కట్టడం దానికన్నా కష్టమేం కాదు. అదొక్కటే చాలదన్న అభ్యంతరం సరైనదే. ముదిరిపోయిన ఆకులోనూ, ఎండకు బిగుసుకున్న ఆకులోనూ పొడి పదార్థం ఎక్కువే ఉంటుంది. అందుకని ప్రతి లాటులో కొన్ని కవర్లు గడువు దాకా పక్కన పెట్టి చూడాలి, ఏ మడి ఆకు ఎన్నో రోజున అంచు ఎర్రబడిందో, దానికి ఎంత నత్రజని, ఎప్పుడు చివరి తడి పడిందో పక్కపక్కన రాయాలి. పెద్ద యూనిట్లు నమూనా కవర్లు దాచి చూడటం కొత్త కాదు. ఆ ఫలితాలు రాసిన కాగితం ఇప్పుడు గడువు తేదీ వేసే బల్ల దగ్గర ఆగిపోతోంది. దాని నకలు ఒకటి రైతు చేతికి, ఇంకోటి ధర కట్టేవాడి చేతికి వెళ్ళాలి.