పీడీఎఫ్ ఉందాండీ?

తెలుగు సాహిత్యంలో ఒక శుభపరిణామం. సీరియస్ పుస్తకం తప్ప ముట్టమని వ్రతం పట్టిన పెద్దమనుషులు ప్రేమ నవలల్లోకి దిగారు. అదీ అచ్చు మొహం చూడనివి, రచయిత్రులే భాగాలు భాగాలుగా ప్రతిలిపిలాంటి యాప్‌లలో పెట్టుకునేవి. భార్య పక్కన పెట్టిన ఫోన్‌లో ఏముందో చూద్దామని ఒక భాగం తెరిచారు, తెల్లారేసరికి నలభై ఆరో భాగంలో తేలారు. ఎర్రబడ్డ కళ్లతో రచయిత్రికి తొలి అభినందన రాశారు: "పీడీఎఫ్ ఉందాండీ?"

కొత్తగా దిగినవారు కదా, రేవు ఎక్కడో చెప్పాలి. ముందు నవల "పూర్తయింది" అని ఉందా, "కొనసాగుతోంది" అని ఉందా చూసుకోండి. కొనసాగుతుంటే చివరి భాగం తేదీ చూడండి. అది ఎనిమిది నెలల కిందటిదైతే హీరోయిన్ ఎనిమిది నెలలుగా పెళ్లిపీటల మీదే కూర్చుని ఉందన్నమాట. ఇక లేవదు. మొదటి భాగం కింది పొగడ్తలు నమ్మకండి, అవి స్నేహితులవి. చివరి భాగం కింద ఏమన్నారో చదవండి. అంతదాకా వచ్చేది ప్రేమో కోపమో ఉన్నవాళ్లే. ఒక్కో భాగం ఇంచుమించు వెయ్యి మాటలు, అంటే కుక్కర్ మూడు విజిళ్లు. ఆ కొలత ఏ అలంకారశాస్త్రంలోనూ లేదు. చదివేవాళ్లకు దొరికే తీరికను బట్టి వచ్చింది.

ఆఖరికి వాళ్లిద్దరూ కలుస్తారని తెలిసి కూడా చదవడమేమిటని ఒక విమర్శ ఉంది. ఏటా భద్రాచలం కల్యాణానికి వెళ్లేవాళ్లు, ఈసారి రాముడు తాళి కట్టడేమోనన్న ఉత్కంఠతో వెళ్తున్నారా?

ఇక పడిపోయే ఘట్టం. హీరోయిన్ మెట్ల మీద జారి హీరో చేతుల్లో పడకుండా ఈ జాతి నవల ముందుకు కదలదు. ఇక్కడ గురుత్వాకర్షణ వేరే. సోమవారం ఆమె కాలు చీర కుచ్చిళ్లలో చిక్కుకుంటుంది, భాగం ఐపోతుంది. మంగళవారం ఆమె గాలిలో ఉండగా ఆరడుగుల హీరో కింది మెట్టు నుంచి తలెత్తుతాడు. ఆ తలెత్తడంలో అతని బాల్యం, తల్లి మరణం, సింగపూర్‌లో చదువు, మూడు కంపెనీలు వచ్చిపోతాయి. బుధవారం మేనత్త తలుపు చాటు నుంచి చూసి పళ్లు నూరుతుంది. హీరోయిన్ ఇంకా గాలిలోనే ఉంది, మల్లెపూలు మాత్రం రాలడం మొదలెట్టాయి. గురువారం ఒక్క వాక్యమే: "సారీ ఫ్రెండ్స్, బాబుకి జ్వరం, రేపు పెడతాను." ఆ రాత్రంతా ఆమె గాలిలోనే. అన్నం లేదు, నీళ్లు లేవు. కింద రెండొందల మంది "నెక్స్ట్ పార్ట్ ప్లీజ్" అంటూ చేతులు చాచి నిలబడ్డారు. శుక్రవారం పడింది. నడుము దగ్గర పట్టుకున్నాడు. "కళ్లు కనిపించవా?" అన్నాడు. సమాప్తం కాదు, సశేషం.

నవ్వండి, నవ్వాల్సిందే. కానీ ఆ గురువారం వాక్యం దగ్గర కాస్త ఆగండి. ఆ నవలను బాబును నిద్రపుచ్చాక, రాత్రి పదకొండింటికి, బొటనవేళ్లతో ఫోన్‌లో కొడుతున్నారు. ఎడిటర్ లేడు, ప్రూఫులు దిద్దేవాడు లేడు, అచ్చుతప్పులూ తామే, కథా తామే. ఆ కింద పెద్దమనిషి వ్యాఖ్య: "లెంగ్త్ తగ్గింది."

ఆయన మరో అభ్యంతరం "వీటిని ఎవరూ వేయరు, వాళ్లకు వాళ్లే వేసుకుంటారు" అని. నిజమే. ఆయన కవితా సంపుటి కూడా ఆయన డబ్బుతో ఆయనే వేసుకున్నది. అయిదు వందల కాపీల్లో నాలుగు వందల ముప్పై మంచం కింద ఉన్నాయి, మిగతావి ఆవిష్కరణ సభలో శాలువాలతో పాటు పంచారు. మగవాడు వేసుకుంటే స్వీయ ప్రచురణ, ఆడవాళ్లు పెడితే టైంపాస్. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకున్న అమ్మ చేతి అన్నం తిని పెరిగినవాడే ఈ మాట అనడం!

సరే, అదీ సహిద్దాం. సహించలేనిది ఆ పీడీఎఫ్. యాప్‌లో కొన్ని రూపాయలు పెట్టి నాణేలు కొంటేనే తాళం తెరుచుకునే భాగాలను స్క్రీన్‌షాట్లు తీసి, కుట్టి, టెలిగ్రామ్‌లో వదిలేవాడొకడు. అదే కథను మరమనిషి గొంతుతో చదివించి, యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు తినేవాడు ఇంకొకడు. రాసినామె పేరు ఎక్కడా ఉండదు. ఇది దొంగతనం. ముద్దుపేరు లేదు దీనికి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణమే హక్కు ఆమెది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలిసి ఉల్లంఘిస్తే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఆమె కోర్టుకెక్కదని ధీమా. నిజమే, ఎక్కదు. వకీలు ఫీజుకు ఆ నవల మొత్తం సంపాదన చాలదు. ఆ సంగతి మీకు తెలుసు కాబట్టే అడుగుతున్నారు, సిగ్గులేకుండా, ఆమెనే!

నూట నలభయ్యో భాగంలో వాళ్లకు పెళ్లయింది. పెద్దమనిషి తెల్లవారుజామున ముగించి, కళ్లు తుడుచుకుని, వ్యాఖ్య రాశారు: "ముగింపు తొందరగా లాగేశారు. ఒక నక్షత్రం. మొత్తం పీడీఎఫ్ ఉంటే పెట్టగలరు."