పొగను గాల్లోనే కొలవాలి

నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెంలోని యాదాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 4,000 మెగావాట్లు. రాష్ట్రానికి ఆ కరెంటు కావాలి, అందులో వాదన లేదు. ఆ చిమ్నీల పొగ ఎటు పోతోంది, ఎక్కడ దిగుతోంది, దిగేలోపు ఏమవుతోంది అన్న లెక్క చుట్టుపక్కల ఊళ్లకు కూడా కావాలి.

థర్మల్ కేంద్రాల విషయంలో ఇప్పుడు కొలత ప్రధానంగా రెండు చోట్లే. చిమ్నీలోని మీటరు పొగలో ధూళి ఎంతుందో చెబుతుంది. 2017 నుంచి వచ్చిన ప్లాంట్లకు పరిమితి ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములు. నేల మీది స్టేషన్ మనం పీల్చే గాలిని చూస్తుంది, అందులో పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలికి పోయే సన్నని ధూళి, రోజు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. అసలు మార్పు ఈ రెండింటి మధ్య జరుగుతుంది. బూడిదను ఈఎస్‌పీలు (కరెంటుతో ధూళిని లాగి పట్టే యంత్రాలు) చాలావరకు పట్టేస్తాయి. సల్ఫర్ డయాక్సైడ్ వాయువు, వాటికి చిక్కదు. పైకి పోయాక గంటల్లో, ఒక్కోసారి రోజుల్లో సల్ఫేటుగా మారి సన్నని ధూళి అవుతుంది. ఊరి మీదికి దిగాక అది ఎవరిదని అడిగితే మిర్యాలగూడ రైస్ మిల్లులనీ, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలనీ, లారీలనీ అంటారు. సల్ఫర్ తొలగించే యంత్రాల నిబంధనను కేంద్రం 2025 జులైలో దేశంలోని ఎక్కువ ప్లాంట్లకు సడలించాక ఈ లెక్క ఇంకా ముఖ్యమైంది.

అందుకే విమానంతోనో డ్రోన్‌తోనో పొగలోకే వెళ్లి నమూనాలు తీయాలంటున్నాం. చిమ్నీని తాకకముందు గాలి ఎలా ఉంది, దాటాక ఐదు కిలోమీటర్లకు, ఇరవైకి ఎలా మారింది అని పోల్చితే ప్లాంటు వాటా తేలుతుంది. పని తేలిక కాదు. డ్రోన్ రెక్కల గాలికే కణాలు చెదురుతాయి కాబట్టి గాలి పీల్చే గొట్టాన్ని దూరంగా అమర్చాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ఎగరగలిగేది గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకే, పెద్ద ప్లాంట్ల చిమ్నీలు అంతకంటే ఎత్తు. ప్రభుత్వం పూనుకోనిదే కాదు.

నైరుతి గాలి పొగను హుజూర్‌నగర్ వైపు తోస్తుంది, ఈశాన్య గాలి కృష్ణ దాటించి పల్నాడు వైపు. రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లూ కలిసి వానాకాలంలో, చలికాలంలో విడివిడిగా కొలవాలి. ఫ్లోరైడ్ నీళ్ల విషయంలో నల్లగొండ జనం నడుములు వంగిపోయాక కూడా దశాబ్దాలు ఎదురుచూశారు. ఊపిరితిత్తులకు ఆ గతి రానివ్వకూడదు. ఏ రోజు, ఏ గాలిలో, ఎన్ని మెగావాట్లు నడుస్తుండగా కొలిచారో రాసి, ఫలితాలను తెలుగులో ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీదా అంటించాలి.