నాలుగొందలా, వందా? రాయగడలో ఒక చారిత్రక వివాదం

ఒడిశాలోని మా రాయగడ స్టేషను రోడ్డులో ఒక టీ బడ్డీ దగ్గర మూడు వారాలుగా ఒక చారిత్రక వివాదం నడుస్తోంది. 2011 మార్చి మొదట్లో అల్యూమినియం తయారుచేసే ప్రభుత్వ కంపెనీ నాల్కో షేరు ధర ఎంత? నాలుగొందల దరిదాపని మా మావయ్య నోటుబుక్కు అంటోంది. వందకి అటూ ఇటూ అని మా మేనల్లుడి ఫోను అంటోంది. ఒకే కంపెనీ, ఒకే రోజు. మజ్జిగౌరమ్మ దర్శనానికి విజయనగరం నుంచి వచ్చినవాళ్లు కూడా టీ తాగడానికి ఆగి, ఏదో ఒక పక్షం పుచ్చుకుని మరీ రైలెక్కుతున్నారు. పరిస్థితి చెయ్యి దాటకముందే నిష్పాక్షికంగా నాలుగు ముక్కలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. మావయ్య ఎలాగూ ఇది చదవరు. పేపర్లో ఆయన చూసేది షేర్ల పేజీ ఒక్కటే.

ముందు సాక్ష్యాలు చూద్దాం. నోటుబుక్కు అట్ట ఎప్పుడో ఊడిపోయింది, దాని బదులు పాత క్యాలెండరు కాగితం అతికించి ఉంది. మావయ్య లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు కాబట్టి ప్రతి పేజీకీ స్కేలు పెట్టి మార్జిన్ కొట్టారు. తేదీ, ధర, తేడా. ధర పెరిగిన రోజు ఎర్ర సిరాతో టిక్కు, పడిన రోజు ఇంటూ. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి మరి. పేపరు రాని రోజున ‘పేపరు రాలేదు’ అని కూడా రాసుంది. ఒక పేజీలో టీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడింది. ఆ గుండ్రం లోపలే ఉంది వివాదాస్పదమైన తేదీ.

ఫోనుకి మరకలుండవు. వేలితో ఇటు తోస్తే పదిహేనేళ్లు, అటు తోస్తే ఒక్క రోజు. విశాఖలో ఇంజినీరింగు చదువుతూ సెలవలకి వచ్చిన మేనల్లుడు అలా తోస్తుంటే, జీవితంలో ఆ పదిహేనేళ్లూ ఒక్కొక్క రోజుగా గడిపిన మావయ్యకి మండటంలో ఆశ్చర్యం లేదు.

అసలు జరిగింది చెప్తాను. 2011 మార్చిలో నాల్కో రెండు పనులు ఒకేసారి చేసింది. పది రూపాయల ముఖవిలువ ఉన్న షేరుని ఐదేసి రూపాయలవి రెండుగా చీల్చింది. ఆ పైన ఒకటికి ఒకటి బోనస్, అంటే ఉన్న ప్రతి షేరుకీ ఇంకోటి ఉచితంగా, ఇచ్చింది. అంటే ఒక షేరున్నవాడికి నాలుగయ్యాయి. కంపెనీ అదే, పంచపట్‌మాలి కొండ అదే, కొండ మీంచి దమన్‌జోడి రిఫైనరీకి బాక్సైట్, అంటే అల్యూమినియం ఖనిజం, మోసుకొచ్చే 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టూ అదే. పెసరట్టుని నాలుగు ముక్కలు చేసినంత మాత్రాన పిండి పెరగదు. అందుకని ధర నాలుగో వంతుకి దిగింది. ఇక్కడిదాకా మావయ్యకీ పేచీ లేదు.

పేచీ ఆ తర్వాత. ధరల్ని ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే గ్రాఫులో షేరు రాత్రికి రాత్రే నాలుగొందల నుంచి వందకి నిట్టనిలువునా పడిపోయినట్టు కనిపిస్తుంది. తెలియనివాడు చూస్తే కొండే కూలిపోయిందనుకుంటాడు. అందుకని చార్టులు గీసేవాళ్లు ఆ రోజుకి ముందున్న ధరలన్నిటినీ నాలుగుతో భాగించేస్తారు. దాన్ని ‘అడ్జస్టెడ్’ ధర అంటారు. కొన్నిచోట్ల అక్కడితో ఊరుకోరు, తర్వాత లాభాల్లోంచి పంచిన డివిడెండ్ల లెక్క కూడా వెనకటి ధరల్లోంచి తీసేస్తారు. అప్పుడు ఆ వంద కూడా వందగా మిగలదు. మా ఊళ్లో పాతకాలపు గొప్పలు ఏటికేడాదీ పెరుగుతాయి. షేర్ల దగ్గర మాత్రం ఏటికేడాదీ తరుగుతాయి.

‘‘ఏట్రా ఇది?’’ అన్నారు మావయ్య. ‘‘మా తాతకి నాలుగెకరాలు. నలుగురు కొడుకులు పంచుకుంటే తలో ఎకరం వచ్చింది. అంచేత తాతకి ముందునుంచీ ఎకరమే ఉండేదని దస్తావేజు దిద్దేస్తారా?’’

బడ్డీ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. భూమి కాగితాల కోసం తిరిగి తిరిగి అలిసిపోయిన ఇద్దరు మాత్రం ‘‘దిద్దేస్తారు మాస్టారూ’’ అన్నారు గానీ, అది వేరే కథ.

‘‘అది కాదు తాతయ్యా, నిన్నటి అట్టుతో ఇవాళ్టి ముక్కని పోల్చకూడదు కదా. ముక్కతో ముక్కనే పోల్చాలి. అందుకే...’’ అని మేనల్లుడు మొదలుపెట్టాడు.

‘‘బ్రోకరు నా దగ్గర నాలుగొందలు లెక్కపెట్టి తీసుకున్నాడ్రా. అడ్జస్ట్ చేసిన వంద ఉంచుకుని మిగతా మూడొందలూ తిరిగిచ్చాడా?’’

ఈ దెబ్బతో ఫోను పార్టీలోంచి ముగ్గురు నోటుబుక్కు పార్టీలోకి దూకేశారు.

నా తీర్పు అడిగితే, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మావయ్యది జేబులోంచి ఎంత పోయిందో చెప్పే నిజం. వాడిది పెట్టిన డబ్బు ఎంతయిందో చెప్పే నిజం. అయితే ఈ సంగతి చార్టులో ఎక్కడో మూల చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తే ఎట్లా? గుట్కా పాకెట్టు మీద హెచ్చరిక వేసినంత పెద్దగా వెయ్యాలి. బొమ్మ అక్కర్లేదు.

అదీకాక, ఈ అడ్జస్టెడ్ ధరల పుణ్యమా అని మా ఊళ్లో కొత్త శాఖ ఒకటి పుట్టింది: ‘అప్పుడే కొనుంటే’ విద్వాంసులు. 2020 మార్చిలో నాల్కో ముప్పై రూపాయల లోపు దొరికింది, 2024లో రెండొందలు దాటింది. వీళ్లు గ్రాఫులో ఆ గోతి మీద వేలు పెట్టి, తర్వాతి కొండ మీదికి లాగి, ఒక నిట్టూర్పు విడుస్తారు. ఆ ఒక్క నిట్టూర్పులో ఒక కారు, ఒక డాబా, వియ్యాలవారి దగ్గర పరువు అన్నీ ఉంటాయి. 2020 మార్చి 23న సెన్సెక్స్ 3,934 పాయింట్లు పడిన పూట ఈ మహానుభావులు ఏం చేస్తున్నారో నాకు బాగా తెలుసు. శానిటైజరు కోసం మందుల షాపు ముందు నిలబడ్డారు. నేను వాళ్ల వెనకే ఉన్నాను.

సరే, ధర ఎందుకు పెరిగింది, ఎందుకు పడింది అన్నదాని మీద బడ్డీ దగ్గర ఉన్న సిద్ధాంతాలు వేరు. దమన్‌జోడి వైపు నుంచి వచ్చే గూడ్సులో వ్యాగన్లు లెక్కపెట్టి ‘‘ఇవాళ తక్కువున్నాయి, షేరు పడుద్ది’’ అనేవాళ్లున్నారు. నోటుబుక్కులో ‘భారీ వర్షం’ అని రాసిన రోజులు నేనే చూశాను, వాటిలో సగం రోజులకి పక్కన టిక్కులున్నాయి. అల్యూమినియం ధర తేలేది ఇక్కడ కాదు, లండన్ మెటల్ ఎక్స్ఛేంజీలో. 2008 జూలైలో అక్కడ టన్ను 3,300 డాలర్లు దాటింది. అమెరికా బ్యాంకులు కూలాక, 2009 ఫిబ్రవరికల్లా 1,300 దిగువకి జారింది. రష్యా సేనలు యుక్రెయిన్‌లోకి దిగాక, 2022 మార్చిలో ఏకంగా నాలుగు వేల డాలర్లు దాటింది. యుద్ధం యుక్రెయిన్‌లో, కొండ కోరాపుట్‌లో, టెన్షన్ రాయగడ టీ బడ్డీలో.

ఫోను గ్రాఫుల్లో ‘సపోర్ట్’, ‘రెసిస్టెన్స్’ అని రెండు గీతలు కూడా ఉంటాయి. పైకి పోయే ధర ఒకే చోట పదే పదే ఆగిపోతే అక్కడ రెసిస్టెన్స్ ఉన్నట్టట. కొండ దగ్గర రెసిస్టెన్స్ అంటే ఏంటో మా జిల్లాకి గీత గీసి చూపించక్కర్లేదు. నియమగిరి కొండ మీద వేదాంత కంపెనీ కోసం బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభల ముందు పెట్టి తేల్చమని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. జూలై, ఆగస్టుల్లో పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి, ఏడు మా రాయగడ జిల్లాలో, ఐదు కలహండిలో. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. కొండ తమకి దేవుడని అక్కడి ఆదివాసులు డోంగ్రియా కోందులు అన్నారు. దేవుణ్ణి చీల్చి ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చే పద్ధతి వాళ్ల దగ్గర లేదు మరి. మేనల్లుణ్ణి అడిగాను, ఇది నీ చార్టులో ఎక్కడుందిరా అని. ఓపెన్, హై, లో, క్లోజ్, వాల్యూమ్, మొత్తం ఐదు గడులూ వెతికాడు. ‘‘ఇందులో ఊళ్లకి గడి ఉండదు మావయ్యా’’ అన్నాడు.

మళ్లీ మన వివాదానికి వద్దాం. మావయ్య పట్టుదల వెనక అసలు కారణం మొన్న గురువారం గానీ బయటపడలేదు. రిటైర్మెంటు డబ్బులోంచి నలభై వేలు పెట్టి ఆయన కొన్నవి వంద షేర్లు. చీలికా బోనసూ కలిసి నాలుగొందలయ్యాయి. ఆ నాలుగొందల్ని మావయ్య మనసారా ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది ధర ఒక్కటే. షేర్లు కొత్త లెక్క ప్రకారం నాలుగొందలు, ధర నోటుబుక్కు ప్రకారం నాలుగొందలు, వెరసి లక్షా అరవై వేలు! ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆయన చెప్పుకుంటున్న ఆస్తి ఇదే. ఫోను మాట నెగ్గితే అందులో ముప్పాతిక పోతుంది.

పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ బడ్డీ యజమాని మూడు వారాలుగా టీ వడపోస్తూ ఇదంతా విన్నాడు, ఒక్కరోజూ నోరెత్తలేదు. ఆ గురువారం సాయంత్రం స్టవ్ తగ్గించి, గల్లాపెట్టె కింద నుంచి ఖాతా పుస్తకం తీశాడు.

‘‘మాస్టారూ, మీ పద్దొకటి తేల్చాలి. పెద్ద గ్లాసుల రోజుల్లోది, నలభై టీలు, గ్లాసు పది. ఆనక నేను పెద్ద గ్లాసులు తీసేసి, దాన్లో సగం పట్టే చిన్నవి పెట్టాను, ఐదేసి రూపాయలకి. అంటే మీవి ఎనభై గ్లాసులయ్యాయి.’’

‘‘అవును, అయితే?’’

‘‘ఎనభై గ్లాసులు, పుస్తకంలో రాసున్న ధర పది. ఎనిమిది వందలండి.’’

‘‘ఒరేయ్, ఎనభై అయినప్పుడు ధర ఐదు కదరా! పిల్లాడైనా చెప్తాడు!’’

పిల్లాడు ఫోను మీంచి తలెత్తలేదు. మావయ్య జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీసి, బడ్డీవాడి ఖాతా పుస్తకంలో ఎనిమిది వందల పక్కన ఇంత పెద్ద ఇంటూ కొట్టారు.